180 స్లైడ్లు ఉన్నాయి, ప్రశ్న ఒక్కటీ లేదు

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థులకు మైక్రోబయాలజీ చెప్పడం మొదలుపెట్టి రెండేళ్లయింది. క్లాసులో 64 మంది. ల్యాబ్‌లో పనిచేసే మైక్రోస్కోపులు 8. ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవుల్ని చంపే ఆటోక్లేవ్ ఒక్కటే, అదీ దాని ఇష్టాన్ని బట్టి పనిచేస్తుంది. బ్యాక్టీరియా నిర్మాణం నుంచి ఇమ్యునాలజీ దాకా 180 స్లైడ్లు తయారుచేసుకున్నాను. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. గ్రామ్ స్టెయినింగ్ (రంగులద్ది బ్యాక్టీరియాని రెండు రకాలుగా విడదీసే పద్ధతి) సూత్రం అడిగితే పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించేస్తారు. అదే ప్రశ్నని కాస్త తిప్పి అడిగితే 64 మందీ తలలు వంచుకుంటారు. ప్రాక్టికల్స్‌లో బ్యాక్టీరియా పెంచే ప్లేట్లు సగం పాడైపోతాయి. మంచి వీడియోలు, యాప్‌లు, పుస్తకాలు ఏవైనా చెబుతారా? స్లైడ్లు ఎలా మార్చుకోవాలో కూడా చెప్పండి. కావాలంటే పంపిస్తాను. — ఓ యువ లెక్చరర్

సమాధానం:

లెక్చరర్ గారూ,

మీ ఉత్తరంలో అసలు సంగతి "కాస్త తిప్పి అడిగితే" అన్న మాటలో ఉంది. రెండేళ్లకే పట్టుకున్నారు. నాకు ఏడెనిమిదేళ్లు పట్టింది. అంతవరకూ పిల్లలు రాసినవి చూసి, నేను బాగానే చెబుతున్నానని అనుకుంటూ ఉండేదాన్ని.

వీడియోల గురించి చివర్లో చెబుతాను. ముందే చెప్పేస్తే మీరు ఉత్తరం అక్కడే మడిచేసి డౌన్‌లోడ్లు మొదలుపెడతారు. నేనూ అదే చేసేదాన్ని.

మన సబ్జెక్టుకి ఒక చిక్కుంది. బోటనీ చెప్పేవాళ్లు ఆకు తెచ్చి చేతిలో పెడతారు. మనం చెప్పేది మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉండే జీవి గురించి. దాని గోడలో ఏ పొర ఉందో, ఏ పొర లేదో పిల్లాడు చచ్చినా చూడలేడు. కాబట్టి మనం చెప్పింది నమ్మి రాసుకోవడం తప్ప వాడికి మరో దారి లేదు. గోడలో పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థం ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఇలా నమ్మి నేర్చుకున్నది అప్పజెప్పడానికి పనికొస్తుంది గానీ తిప్పి అడిగితే నిలబడదు. అయితే వాడు కళ్లారా చూడగలిగేవి కొన్ని ఉన్నాయి: ట్యూబులో మబ్బు, ప్లేటు మీద చుక్క, స్లైడు మీద రంగు, మందు అద్దిన డిస్కు చుట్టూ బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం. సూక్ష్మజీవుల గురించి మనకు తెలిసినదంతా మొదట్లో ఇలాంటి ఆనవాళ్ల నుంచి ఊహించి, పరీక్షించి తెలుసుకున్నదే. మనం క్లాసులో ఆ వరసని తలకిందులు చేస్తాం. ముందు కనపడని గోడ బొమ్మ గీసి, తర్వాత కనిపించే రంగు చూపిస్తాం. వరసని మళ్లీ సరిగ్గా నిలబెట్టండి. ముందు రంగు, తర్వాత "ఎందుకిలా?", ఆ తర్వాతే గోడ.

అగార్‌తో మొదలుపెడదాం, అది సులువు. "అగార్ ఒక పాలిసాకరైడ్, సముద్రపు నాచు నుంచి తీస్తారు" అని మీ స్లైడులో ఉండే ఉంటుంది. ఆ స్లైడు పక్కన పెట్టి, జర్మన్ శాస్త్రవేత్త కోఖ్ పడిన తిప్పలు పిల్లల ముందు పెట్టండి. 1881. ద్రవంలో పెంచితే అన్ని రకాల బ్యాక్టీరియా కలిసిపోతున్నాయి, విడదీయాలంటే గట్టి తలం కావాలి. ఉడికించిన బంగాళాదుంప ముక్కల మీద కొన్ని పెరిగాయి, కొన్ని పెరగలేదు. జెలటిన్ వాడితే 37 డిగ్రీల దగ్గర నీరైపోతోంది, పైగా కొన్ని బ్యాక్టీరియా దాన్ని తినేస్తున్నాయి. "మీకు ఎలాంటి పదార్థం కావాలి? దాని లక్షణాలు రాయండి" అని అడిగి, ఐదు నిమిషాలు మీరు నోరు కట్టేసుకోండి. ఇదే అన్నిటికన్నా కష్టం. 37 డిగ్రీల దగ్గర గట్టిగా ఉండాలి, బ్యాక్టీరియా తినకూడదు, పారదర్శకంగా ఉండాలి, వేడి చేసి చంపినా చెడకూడదు... ఇవన్నీ వాళ్లే చెబుతారు. అప్పుడు ఫానీ హెస్సే గురించి చెప్పండి. ఆమె భర్త వాల్టర్ కోఖ్ ల్యాబ్‌లో పనిచేసేవాడు. ఆయన కోసం సైంటిఫిక్ బొమ్మలు గీసిపెట్టే ఆవిడ, వంటింట్లో తాను వాడే అగార్ వాడి చూడమంది. మరుసటి ఏడాది క్షయ మీద కోఖ్ రాసిన పేపర్లో అగార్ ప్రస్తావన ఉంది, ఆమె పేరు లేదు. పిల్లలు దీని గురించి గొడవ పెట్టుకుంటారు, పెట్టుకోనివ్వండి. అగార్ లక్షణాలు మళ్లీ చదవాల్సిన పని వాళ్లకి ఉండదు.

గ్రామ్ స్టెయినింగ్‌కి వద్దాం. మీకు నొప్పి అక్కడే కదా. బోర్డు మీద నాలుగు గడులు గీయండి: క్రిస్టల్ వయొలెట్, అయోడిన్, ఆల్కహాల్, సాఫ్రనిన్. ప్రతి గడి దగ్గర ఆగి, ఈ క్షణంలో స్లైడు తీసి చూస్తే స్టాఫిలోకాకస్ ఏ రంగులో ఉంటుంది, ఈ.కోలై ఏ రంగులో ఉంటుంది అని అడగండి. మూడో గడి దగ్గర క్లాసు చీలిపోతుంది. ఆల్కహాల్ పోశాక ఈ.కోలై గులాబీ రంగులో ఉంటుందని కనీసం సగం మంది అంటారు. అది అప్పటికి రంగు లేకుండా ఉంటుందని, గులాబీ అనేది సాఫ్రనిన్ ఇచ్చే రంగని పుస్తకం మొత్తం అప్పజెప్పినవాళ్లకి కూడా తట్టదు. ఇక అయోడిన్ వేయడం మర్చిపోతే? రంగు అణువులు పెద్ద ముద్దలుగా కట్టుకోవు కాబట్టి ఆల్కహాల్‌తో పాటు కొట్టుకుపోతాయి, రెండూ గులాబీగానే కనిపించే అవకాశం ఎక్కువ. ఆల్కహాల్ ఎక్కువసేపు ఉంచితే? కల్చర్ మూడు రోజుల పాతదైతే? స్మియర్ మందంగా ఉంటే?

ప్రాక్టికల్‌లో ఒక్కో బృందానికి ఒక్కో తప్పు కావాలని చేయమని చెప్పండి. ఒకరు అయోడిన్ మానేస్తారు, ఒకరు ఆల్కహాల్ రెండు నిమిషాలు ఉంచుతారు, ఒకరు పాత కల్చర్ వాడతారు. ఎవరు ఏ తప్పు చేశారో పక్క బృందం స్లైడు చూసి కనిపెట్టాలి. ఎనిమిది మైక్రోస్కోపులు దీనికి బ్రహ్మాండంగా సరిపోతాయి. 64 మందీ ఒకే స్లైడు ఒకేలా చేయడం కన్నా ఎనిమిది బృందాలు ఎనిమిది రకాలుగా చేసి ఒకరిది ఒకరు చూసుకోవడం ఎంతో మేలు. ఇంకో మాట. గ్రామ్ 1884లో ఈ పద్ధతి ప్రచురించినప్పుడు అందులో లోపాలున్నాయని తనే రాసుకున్నాడు. ఇప్పుడు మనం చివర్లో వేసే సాఫ్రనిన్ ఆయన పద్ధతిలో లేదు. తర్వాతి వాళ్లు చేర్చారు. మీ పిల్లల స్లైడ్లు పాడైతే ఈ సంగతి చెప్పండి, కాస్త తేరుకుంటారు.

పాడైన ప్లేట్లంటే నాకొకటి గుర్తొస్తుంది. ఉద్యోగంలో చేరిన తొలిరోజుల్లో ఒక బ్యాచ్‌తో సీరియల్ డైల్యూషన్, అంటే కల్చర్‌ని విడతలుగా పలచన చేయడం, చేయించాను. మర్నాడు చూస్తే ప్లేట్లన్నిటి నిండా తెల్లగా, ముడతలు పడిన ఒకే రకం కాలనీ, అంటే బ్యాక్టీరియా గుంపు. ఎక్స్‌టర్నల్ వచ్చే రోజు దగ్గర పడుతోంది, టెన్షన్. ప్లేట్లన్నీ ఆటోక్లేవ్‌లో వేసేసి, బోర్డు మీద "మోడల్ రీడింగులు" రాశాను. పిల్లలు రికార్డుల్లో ఎక్కించుకున్నారు, నేను సంతకాలు పెట్టాను. ఇన్నేళ్లయినా ఆ సంతకాలు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మరుసటి ఏడాది మళ్లీ అదే జరిగింది. ఈసారి సమయం ఉంది కాబట్టి పిల్లలకే వదిలేశాను. వాళ్లు అగార్ ఒక్కటే పోసి ఒక ప్లేటు పెట్టారు, సెలైన్ ఒక్కటే పోసి ఇంకోటి, గాలికి తెరిచి ఇంకోటి. దొంగ సెలైన్ సీసాలో దొరికాడు. వేడికి తేలిగ్గా చావని బాసిల్లస్ స్పోర్లు. ఆ సీసాలు గొంతు దాకా నింపి, ఆటోక్లేవ్‌లో కిక్కిరిసేలా పేర్చేవాళ్లం. 121 డిగ్రీలు, 15 నిమిషాలు అని చెప్పేది నేనే, కానీ ఆ 15 నిమిషాలు లెక్కపెట్టాల్సింది సీసా లోపలి నీరు 121కి చేరాకేనని నాకే తట్టలేదు. స్పోర్లు, స్టెరిలైజేషన్, కంట్రోల్ ప్లేటు, ఈ మూడు పాఠాలూ ఆ వారంలో వాళ్లకి వచ్చేశాయి. ఒక్క స్లైడు వేయలేదు.

అందుకని మీ పాడైన ప్లేట్లు పారేయకండి. అంటే మూత తీయకుండా ఒక రోజు ఉంచి, "ఎలా పాడైంది?" అని అడగండి. గీత గీసిన దారిలోనే వేరే కాలనీ ఉంటే కల్చర్‌లోనే కల్తీ ఉంది, లేదా గీత గీసే తీగ, అదే లూప్, సరిగ్గా కాలలేదు. గీతకి దూరంగా ఉంటే గాలిలోంచి పడింది. అగార్ లోపల మునిగి ఉంటే మీడియం సరిగ్గా స్టెరైల్ కాలేదు. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా కథ కూడా ఇక్కడే చెప్పండి. 1982లో మార్షల్, వారెన్‌ల ప్లేట్లని మామూలుగా రెండు రోజులకే ఏమీ పెరగలేదని పారేసేవాళ్లు. ఈస్టర్ సెలవుల వల్ల కొన్ని ప్లేట్లు ఐదారు రోజులు ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయాయి, వాటిలో కాలనీలు కనిపించాయి. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. దీని తర్వాత "పెరగలేదు అంటే అర్థమేంటి?" అని పరీక్షలో ఇవ్వొచ్చు.

గ్రోత్ కర్వ్ చాలామంది బొమ్మగా చెప్పి వదిలేస్తారు. లెక్క వేయించండి. ఈ.కోలై 20 నిమిషాలకోసారి రెండవుతుంది. ఒక్క కణంతో మొదలుపెడితే ఒక రోజులో 72 సార్లు రెట్టింపు. కణం బరువు గ్రాములో లక్ష కోట్ల వంతు అనుకుంటే, 24 గంటలకి దాదాపు 4,700 టన్నులు. ఇంకో రోజు ఆగితే భూమి బరువుకి మూడు వేల రెట్లు దాటుతుంది. ఫోన్ కాలిక్యులేటర్‌లో వాళ్లనే వేయనివ్వండి, ఆ అంకె చూశాక క్లాసులో వచ్చే నవ్వుల కోసమైనా. మరి ఇలా ఎందుకు జరగడం లేదు? ఆహారం అయిపోవడం, వ్యర్థాలు పేరుకోవడం, ఆక్సిజన్ చాలకపోవడం, అంటే పెరుగుదల ఆగిపోయే స్టేషనరీ ఫేజ్ అంతా వాళ్ల నోటి నుంచే వస్తుంది. డైల్యూషన్ లెక్కల్లో మాత్రం ఒక్క తప్పే పదేపదే చేస్తారు: 1 మి.లీ. తీసి 9 మి.లీ.లో వేస్తే పది రెట్లు పలచన, వాళ్లు తొమ్మిది రెట్లు అంటారు. సిరా నీళ్లతో ఒకసారి చేయించండి, కళ్లముందు రంగు పలచబడుతుంది, చెత్త పారబోసే గొడవా లేదు. పది లక్షల రెట్లు పలచన చేసిన ట్యూబు నుంచి 0.1 మి.లీ. పరిస్తే 84 కాలనీలు వచ్చాయి, అసలు ద్రవంలో మి.లీ.కి ఎన్ని? 84 కోట్లు. ఆ 0.1ని మర్చిపోయి 8.4 కోట్లు అన్నవాళ్లని తిట్టకండి, పక్కవాడికి వివరించమనండి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం, అన్నిటికన్నా ఎక్కువ తప్పుగా వెళ్లే పాఠం కూడా: యాంటీబయాటిక్ రెసిస్టెన్స్. మన భాష ఇక్కడ మనల్నే దెబ్బకొడుతుంది. ఇమ్యూనిటీని రోగనిరోధక శక్తి అంటాం, రెసిస్టెన్స్‌ని నిరోధకత అంటాం. పిల్లాడి చెవికి రెండూ ఒకటే. అందుకే "మందులు ఎక్కువ వాడితే మన ఒంటికి నిరోధకత వస్తుంది" అని రాస్తాడు. వాడి తప్పు సగమే. నేను క్లాసులో రెసిస్టెన్స్ అనే మాటే వాడతాను, దాని పక్కన ఎప్పుడూ "బ్యాక్టీరియాకి" అని చేరుస్తాను. క్రిమి అన్న మాటతోనూ ఇదే తంటా. పురుగునీ క్రిమి అంటాం, బ్యాక్టీరియానీ క్రిమి అంటాం, వైరస్‌నీ అదే గాటన కట్టేస్తాం. తర్వాత వైరస్‌కి యాంటీబయాటిక్ ఎందుకు పనిచేయదని అడిగితే పిల్లాడు బిత్తరపోతాడు. మొదటి వారంలోనే ఈ మాటల పట్టిక ఒకటి వాళ్లతో రాయించండి. స్టెరైల్ అంటే శుభ్రం కాదు, ఏ సూక్ష్మజీవీ బతికి లేకపోవడం అన్నది కూడా అందులో ఉండాలి.

రెండో తప్పు ఇంకా లోతైనది. "మందుకి బ్యాక్టీరియా అలవాటు పడుతుంది." ఇది ఎంత చెప్పినా పోదు. దీనికి నేను వాడే మందు పాచికలు. క్లాసుని 16 బృందాలు చేయండి, నలుగురేసి. ఒక్కో బృందానికి కాగితం, రెండు పాచికలు. కాగితం మీద ఒక చుక్క, అది మొదటి కణం. అది రెండవుతుంది, రెండు నాలుగవుతాయి, అలా ఐదు తరాలు, 32 కణాలు. పుట్టిన ప్రతి కొత్త కణానికీ రెండు పాచికలూ వేయాలి. రెండూ ఆరు పడితే అది రెసిస్టెంట్ మ్యూటెంట్, అంటే జన్యువు మారి మందుని తట్టుకునే కణం, దానికి గుండు సున్నా చుట్టాలి. దాని సంతానమంతా మ్యూటెంట్లే, వాటికి ఇక వేయక్కర్లేదు. చివర్లో "మందు" వేసి, మిగిలినవి లెక్కపెట్టి బోర్డు మీద రాయండి. అంకెలు చిందరవందరగా వస్తాయి. కొన్ని బృందాలకి సున్నా, కొన్నిటికి ఒకటి, నాలుగు, మొదటి తరంలోనే ఆర్లు పడిన అదృష్టవంతులకి 16. తర్వాత రెండో ఆట. ఈసారి పాచికల్లేకుండా 32 కణాలూ పెంచేసి, మందు వేసిన క్షణంలో మాత్రమే ఒక్కో కణానికీ పాచికలు వేయాలి, అంటే "మందు చూశాకే అలవాటు పడితే" ఎలా ఉంటుందో. ఇప్పుడు బోర్డు మీద సున్నా, ఒకటి, రెండు, మహా అయితే మూడో నాలుగో. 16 ఎవరికీ రాదు.

అప్పుడు అడగండి: నిజమైన బ్యాక్టీరియా ఈ రెండు ఆటల్లో ఏది ఆడుతోందో తెలుసుకోవాలంటే ఏం చేస్తారు? వేర్వేరు ట్యూబుల్లో పెంచి లెక్కపెట్టాలి అని ఎవరో ఒకరు అంటారు. 1943లో లూరియా, డెల్‌బ్రూక్ సరిగ్గా అదే చేశారు, ఫేజ్‌ని, అంటే బ్యాక్టీరియాకి సోకే వైరస్‌ని, తట్టుకునే బ్యాక్టీరియాతో. వాళ్లకి మొదటి ఆటలోలాగే చిందరవందర అంకెలు వచ్చాయి. ఈ ఆటకి ఒక పీరియడ్ మొత్తం పోతుంది. పోనివ్వండి. "పోర్షన్ అవ్వదు" అని మీ సీనియర్లు అంటారు, నాకూ అన్నారు. తర్వాత మెడికల్ మైక్రోబయాలజీలో జీనస్ తర్వాత జీనస్ లక్షణాల జాబితాలు ఉంటాయి చూడండి, ఆ గంట అక్కడ కోసేయండి. ఒక్క ఈ.కోలై, ఒక్క బాసిల్లస్, ఈస్ట్, ఒక ఫేజ్, ఈ నలుగురితో పిల్లలకి బాగా పరిచయమైతే మిగతావాళ్లని వాళ్లే పుస్తకంలో కలుసుకుంటారు.

ఆటోక్లేవ్ మొరాయించిన రోజులకి వినోగ్రాడ్‌స్కీ కాలమ్ పెట్టుకోండి. పొడవాటి పారదర్శకమైన సీసా, చెరువు బురద, చించిన కాగితం ముక్కలు, కాస్త కాల్షియం సల్ఫేట్, పైన చెరువు నీళ్లు. మూత వదులుగా పెట్టి కిటికీ దగ్గర వెలుతురులో ఉంచాలి. రెండు మూడు వారాలు ఏమీ జరగనట్టుంటుంది, పిల్లలు మర్చిపోతారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకి పొరలు తేలతాయి. అడుగున నల్లగా ఐరన్ సల్ఫైడ్, దాని పైన ఆకుపచ్చ సల్ఫర్ బ్యాక్టీరియా, ఆపైన ఊదా రంగువి, అన్నిటికన్నా పైన సయానోబ్యాక్టీరియా. ఎవరు ఎక్కడ ఎందుకు ఉన్నారో చెప్పమంటే ఆక్సిజన్, వెలుతురు, సల్ఫైడ్ మూడింటి గురించీ ఆలోచించి తీరాలి. మెటబాలిజం పాఠంలో కీమోలిథోట్రోఫ్, ఫోటోట్రోఫ్ అని నోరు తిరగని మాటలు చెప్పి విసిగించే ముందు ఈ సీసా పెట్టి ఉంచండి. ఒక్కో బృందానికి ఒక్కో మార్పు: ఒకరిది చీకట్లో, ఒకరిది కాగితం లేకుండా, ఒకరిది సల్ఫేట్ లేకుండా. ప్రతి వారం ఫోన్లో ఫొటో. వాసన మాత్రం భరించాలి, అది కూడా హైడ్రోజన్ సల్ఫైడ్ పాఠమే అనుకోండి.

జాగ్రత్తల దగ్గర నేను కొంచెం కఠినంగా మాట్లాడతాను. "చేతులు అంటించి ప్లేట్లు పెంచుదాం, ఫోన్లు అద్ది చూద్దాం" అనే ప్రాక్టికల్ అందరికీ ఇష్టం. చేయించండి, కానీ అలాంటి ప్లేటులో ఏం పెరుగుతుందో మీకూ తెలియదు, నాకూ తెలియదు. టేపు వేసి మూసేయండి, 37 కాకుండా 25 నుంచి 30 డిగ్రీల మధ్య పెంచండి, మూత తీయకుండా చూసి నేరుగా ఆటోక్లేవ్‌లో వేయండి. వాటి నుంచి తీసి మరో ప్లేటులో పెంచడం (సబ్‌కల్చర్) వద్దు. తెలిసిన కల్చర్లతో చేసేటప్పుడూ నోట్సులు, ఫోన్లు, సంచులు బెంచీ మీద ఉండకూడదు. ఊరికే భయపెట్టడం లేదు. 2010-11లో అమెరికాలో 38 రాష్ట్రాల్లో 109 మందికి ఒకే రకం సాల్మొనెల్లా సోకింది, దాని మూలం టీచింగ్ ల్యాబుల్లోనూ క్లినికల్ ల్యాబుల్లోనూ వాడే కల్చర్. ల్యాబ్ గుమ్మం తొక్కని పసిపిల్లలకి కూడా ఇళ్లలో వచ్చింది. పెన్నులూ పుస్తకాలూ ఇంటికి వెళ్తాయి కదా. ఈ కేసు చదివించి, "మీ ఇంట్లోకి ఏ దారిన వస్తుంది?" అని అడిగాక చేతులు కడుక్కోమని నేను మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. అమెరికన్ సొసైటీ ఫర్ మైక్రోబయాలజీ వాళ్ల టీచింగ్ ల్యాబ్ భద్రతా సూత్రాలు ఉచితంగా దొరుకుతాయి. అవి ఒక్కటి మాత్రం వెంటనే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఇలా చెబితే పిల్లలు మొదట్లో మెచ్చుకోరు. "మేడమ్ ఏమీ చెప్పడం లేదు, మమ్మల్నే చెప్పమంటున్నారు" అని ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో రాస్తారు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో దీన్ని కొలిచి చూశారు. చక్కటి లెక్చర్ విన్నవాళ్లు ఎక్కువ నేర్చుకున్నామని అనుకున్నారు, పరీక్షలో మాత్రం తామే చేసి నేర్చుకున్నవాళ్లకి ఎక్కువ మార్కులు వచ్చాయి. 2014లో ఫ్రీమన్ బృందం 225 అధ్యయనాలు కలిపి చూస్తే, కేవలం లెక్చర్ విన్న క్లాసుల్లో దాదాపు 34 శాతం ఫెయిలయ్యారు, పిల్లలతో పని చేయించిన క్లాసుల్లో 22 శాతం. ఈ అంకెలు మీ ప్రిన్సిపాల్‌కి పనికొస్తాయి. పిల్లలకి మాత్రం మొదటి రోజే "ఇలా కష్టంగా అనిపిస్తుంది, అనిపించాలి" అని చెప్పి పెట్టండి. 64 మందితో ఇదంతా కుదురుతుందా అని మీకు అనుమానం ఉంటుంది. పెద్ద క్లాసుకి నేను చేసేది చాలా చిన్న పని. నాలుగు జవాబులున్న ఒక ప్రశ్న, నాలుగు రంగుల కార్డులు. ముందు ఎవరికి వారు కార్డు ఎత్తాలి. జవాబు చెప్పకుండా రెండు నిమిషాలు పక్కవాళ్లతో వాదించుకోమని, మళ్లీ ఎత్తమంటాను. రెండోసారి రంగులు ఒకవైపు జరగడం మీరే చూస్తారు. జరగకపోతే ఆ పాఠం నేను మళ్లీ చెప్పాలని అర్థం.

ప్రశ్నపత్రం మారకపోతే పైవన్నీ వృథా. పరీక్షలో "గ్రామ్ స్టెయినింగ్ సూత్రం రాయండి" అని వస్తే పిల్లలు దానికే చదువుతారు, అది వాళ్ల తెలివే. ఫైనల్ పేపరు మీ చేతిలో ఉండకపోవచ్చు, ఇంటర్నల్స్ ఉంటాయి. అందులో సగం మార్కులకి ఇలా అడగండి: "స్టాఫిలోకాకస్ అని రాసి ఉన్న కల్చర్ గులాబీ రంగులో కనిపించింది. మూడు కారణాలు రాయండి. ఏది నిజమో తేల్చడానికి ఏం చేస్తారు?" లేదా రెండు డిస్కుల ప్లేటు ఫొటో ఇచ్చి, "ఖాళీ వలయం పెద్దగా ఉన్న మందే బలమైనదని స్నేహితుడు అన్నాడు. ఒప్పుకుంటారా?" అని. మందు అగార్‌లో ఎంత వేగంగా వ్యాపిస్తుందన్నది కూడా వలయాన్ని నిర్ణయిస్తుంది కాబట్టి వేర్వేరు మందుల వలయాలని నేరుగా పోల్చకూడదు. ఇది పీహెచ్‌డీకి వచ్చినవాళ్లు కూడా తప్పు చెప్పగా విన్నాను. కోఖ్ సూత్రాలు (ఒక రోగానికి కారణమని తేల్చాలంటే ఆ క్రిమిని విడిగా పెంచి చూపాలనేవి) రాయమనకండి, కుష్ఠు బ్యాక్టీరియాని ఇప్పటికీ కృత్రిమ మీడియంలో పెంచలేకపోతున్నాం కదా, మరి ఆ సూత్రాల ప్రకారం అది కుష్ఠుకి కారణం కాదా అని అడగండి.

ఇక పుస్తకాలు, వీడియోలు. ముందు మూడే చెబుతాను. ఓపెన్‌స్టాక్స్ వాళ్ల మైక్రోబయాలజీ పాఠ్యపుస్తకం, 2016లో వచ్చింది, పూర్తిగా ఉచితం, బొమ్మలు మీ క్లాసులో వాడుకోవచ్చు. హెచ్.హెచ్.ఎమ్.ఐ. బయోఇంటరాక్టివ్ అనే సైటులో చిన్న ఫిల్ములు, వాటితో పాటు డేటా ఇచ్చి ప్రశ్నలు అడిగే వర్క్‌షీట్లు ఉంటాయి. ఆ వర్క్‌షీట్లే అసలు సరుకు. మూడోది జర్నల్ ఆఫ్ మైక్రోబయాలజీ అండ్ బయాలజీ ఎడ్యుకేషన్, ఇదీ ఉచితమే. మీలాంటి లెక్చరర్లు తమ క్లాసులో చేసి చూసిన ప్రాక్టికల్స్ రాస్తారు, తప్పిదాలతో సహా. ఇవి కాక ఒక వీడియో తప్పకుండా చూపించండి: 2016లో హార్వర్డ్‌లో కిషోనీ బృందం బల్లంత అగార్ పళ్లెం చేసి, అంచుల నుంచి మధ్యకి మందు మోతాదు పెంచుకుంటూ పోయారు. ఈ.కోలై ఒక్కో గీత దగ్గర ఆగి, మ్యూటెంట్ పుట్టగానే గీత దాటి, పదకొండు రోజుల్లో వెయ్యి రెట్ల మోతాదు దాకా పాకింది. రెండు నిమిషాల వీడియో. అది కూడా మొదటి గీత దగ్గర ఆపి, "తర్వాత ఏమవుతుంది? గీయండి" అని కాగితాలు పంచాకే మిగతాది వేయండి. టెక్నిక్ వీడియోలు మాత్రం ముందురోజే ఫోనుకి పంపేసి, ల్యాబ్ సమయం చేతులకి వదలండి. మడత కాగితపు మైక్రోస్కోప్ ఫోల్డ్‌స్కోప్ గురించి వినే ఉంటారు. చెరువు నీటిలోని ప్రోటోజోవాకి అది భలే ఉంటుంది. గ్రామ్ స్లైడ్లు చూడాలనుకుంటే నిరాశపడతారు, వాటికి ఆయిల్ ఇమ్మర్షన్ కావాల్సిందే.

అన్నీ ఒకేసారి మార్చకండి. నేను ఒకసారి ఆ పని చేసి సెమిస్టర్ మధ్యలో కూలబడ్డాను. వచ్చే సెమిస్టర్‌కి ఒక్క యూనిట్ తీసుకోండి, గ్రోత్ అయితే సులువు. కాలమ్ సీసాలు మాత్రం మొదటి వారంలోనే పెట్టేయండి, వాటికి నెలన్నర కావాలి కదా.

స్లైడ్లు పంపొద్దు. వాటిలో ఏది తీసేయాలో మీకే తెలుస్తుంది: స్లైడు చూస్తూ పిల్లల్ని అడగడానికి ఒక్క ప్రశ్నయినా తోచకపోతే అది తీసేయండి. దాని బదులు, పాచికల ఆటలో మీ 16 బృందాలకి వచ్చిన అంకెలు పంపండి, రెండు ఆటలవీ. ఏ బృందానికైనా 16 వచ్చిందో లేదో నాకు తెలుసుకోవాలని ఉంది.